ఏ కంపెనీ ఫోనైనను ఏ కంపెనీ ఫోనుతోనైనను మాటాడుట యెట్లు? – వార్తాసాధనములందు ఉమ్మడి ప్రమాణముల యావశ్యకత

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫు దేశములకు మనుష్యుని పంపని గ్రామము అరుదు. దుబాయిలో కూలిపని చేయు కుమారుడు పని ముగించుకొని తన ఫోనుమీద మొదట 91, దానివెంట పది యంకెలు నొక్కును. కోరుట్ల వద్ద పొలముగట్టున నున్న తండ్రి చేతిలో ఫోను మ్రోగును. కుమారుని సిమ్ము ఆ దేశపు కంపెనీది, తండ్రి సిమ్ము ఈ దేశపుది. ఒకరి ఫోను కొరియాలో తయారైనది, ఒకరిది చీనాది కావచ్చును. నడుమ సముద్రగర్భమున నున్న తీగ మూడవవారిది. ఇన్ని చేతులు మారినను మాట మాత్రము చెడదు. పని సాగుచున్నంతకాలము ఇది యెట్లు సాగుచున్నదని మనము అడుగము.

అదే కుమారుడు ముఖము చూపి మాటాడదలచినచో కథ మారును. తండ్రి ఫోనులో వాట్సాపు గలదు. ఎమిరేట్సు ప్రభుత్వము వాట్సాపు ద్వారా మాటాడుటను చాలకాలముగా అనుమతింపలేదు. బోటిమ్ అనుదానికి అనుమతి గలదు. వేరొక దేశముననున్న అల్లుడు ఇమో వాడును. ఇమోలో నున్నవాడు వాట్సాపులో నున్నవానిని పిలువలేడు. బోటిమ్‌లో నున్నవాడు ఇమోలో నున్నవానిని పిలువలేడు. కావున ఒక్క కుటుంబము మూడు సాధనములను ఫోనులో నుంచుకొని, ఎవరికి ఏది యని జ్ఞాపక ముంచుకొనవలసి వచ్చుచున్నది. అంకెలు నొక్కిన ఫోనునకు లేని చిక్కు దీనికేల వచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనినచో, సంఘసభ్యులు ఫోనులే గాక, మోటారు స్టార్టర్లు, లెక్కల యంత్రములు కొనునప్పుడు సయితము మోసపోకుండ నుండగలరు.

మొదట మనకు తెలిసిన వస్తువుతో నారంభింతము. పూర్వము ధాన్యమును మానిక, తూము, పుట్టి యని కొలిచెడివారము. ఒక గ్రామపు మానిక వేరొక గ్రామపు మానికకు సరిపోయెడిది కాదు. ఆ భేదము వలన లాభపడినవాడు కొలిచి కొనువాడే గాని పండించినవాడు కాడు. 1956లో చట్టము చేసి 1958 మొదలు క్రమముగా కిలోగ్రాము, లీటరు ప్రవేశపెట్టిన పిదప మార్కెటు యార్డులో తూకము ఒకటయ్యెను. కిలోగ్రాము ఎవరి సొత్తును గాదు. ఎవడైనను దాని ప్రకారము తూకపురాయి చేయించుకొనవచ్చును, ఎవడైనను దానిని పరీక్షింపవచ్చును. అందరు ఒప్పుకొనిన ఇట్టి కొలతను ప్రమాణము అందురు. దాని వివరము ఎవరికైనను దొరకునట్లు అచ్చువేయబడి, దానిని బట్టి వస్తువును చేయుటకు అందరికిని దారి యున్నచో అది బహిరంగ ప్రమాణము. ఇద్దరు వేర్వేరు వారు చేసిన వస్తువులు ఒకదానితో నొకటి కలసి పనిచేయుట పరస్పరానుకూలత.

ట్రాక్టరు చూడుడు. ఒక కంపెనీ ట్రాక్టరునకు వేరొక కంపెనీ రోటవేటరును తగిలించుచున్నారు. వెనుకనున్న మూడు బిందువుల లంకె, పిన్నుల కొలతలు, నిమిషమునకు 540 చుట్లు తిరుగు ఆరుపండ్ల పి.టి.వో. షాఫ్టు, ఇవి లోకమంతట నొకటే గనుక సాధ్యమగుచున్నది. ఈ మూడు బిందువుల లంకెను 1930 దశకమున హారీ ఫెర్గూసన్ అను ఐరిషువాడు వాడుకకు తెచ్చెను. మొదట అది యాతని ట్రాక్టరుదే. పిదప అందరి దయ్యెను. అట్లు కానిచో ట్రాక్టరు కొన్న దుకాణముననే నాగలి, రోటవేటరు, ట్రాలీ యన్నియు కొనవలసి వచ్చెడిది, వారు చెప్పినదే ధర యయ్యెడిది. రైతునకు దీనిలోని సారము ఇంతకంటె వేరు చెప్పనక్కరలేదు.

సిరిసిల్ల సభ్యులకు ఇంకొక దగ్గరి యుదాహరణ గలదు. 1970 ప్రాంతమున పని మొదలిడిన సిరిసిల్ల సహకార విద్యుత్తు సరఫరా సంఘము, అనగా సెస్, సభ్యుల సొంత సంస్థ. అది పెద్ద గ్రిడ్డునుండి విద్యుత్తు కొని తన తీగలమీద ఇండ్లకు, బావులకు, మరమగ్గములకు పంచుచున్నది. జగిత్యాలలో పంచువారు వేరు. అయినను జగిత్యాలలో కొన్న మోటారు సిరిసిల్లలో తిరుగును. ఇరువురి విద్యుత్తును సెకనునకు 50 ఆవృత్తులది, ఇండ్లకు వచ్చునది 230 వోల్టులది. రెండు వ్యవస్థలు కలియుచోట మీటరు ఎవరిది, ఎంత లెక్క, ఎవరు చెల్లింపవలెను అను నిబంధన ముందుగా వ్రాయబడి యున్నది. సహకార సంఘమువంటి చిన్న సంస్థ పెద్దదాని ప్రక్కన బ్రతికి బట్టకట్టుటకు ఈ కలయిక నియమమే యాధారము. దీనిని సభ్యులు మనస్సున నుంచుకొందురు గాక. ఫోనుల సంగతి యందు మరల దీని యవసరము పడును.

తంతివార్తల నాటి సంగతి

ఈ చిక్కు ఫోనులతో పుట్టినది కాదు. తంతి తీగలు వేసిన మొదటి దినములలో యూరపులో ఒక్కొక్క ప్రభుత్వమునకు ఒక్కొక్క పద్ధతి. ఫ్రాన్సు సరిహద్దున స్ట్రాస్‌బర్గు పట్టణములో ఒక ఉమ్మడి ఆఫీసు పెట్టిరి. ఒక బల్లకు ఈవల ఫ్రెంచి గుమాస్తా, ఆవల బాడెన్ రాజ్యపు గుమాస్తా కూర్చుండిరి. పారిసునుండి మెరుపువలె వచ్చిన వార్తను ఫ్రెంచివాడు కాగితముమీద వ్రాసి బల్లమీదుగా చేతికిచ్చును. రెండవవాడు దానిని తన భాషలోనికి మార్చి తన తీగమీద మరల కొట్టును. వందల మైళ్లు క్షణములో దాటిన వార్త మూరెడు బల్లను దాటుటకు ఆలస్యమయ్యెడిది.

ఈ వెత తొలగించుటకై 1865 మే 17వ తేదిని పారిసులో 20 రాజ్యములవారు కూడి ఒడంబడిక చేసికొనిరి. అదియే నేడు జెనీవాలోనున్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము. హిందూదేశము 1869 నుండి దానిలో నున్నది. గమనింపుడు, టెలిఫోను పుట్టకముందే ఈ సంఘము పుట్టెను. తగవులాడు రాజులు సయితము తీగ విషయమున ఏకమైరి. ఏలయన, ఒంటరి తీగ వలన ఎవరికిని లాభములేదు.

తీగలేని వార్తల నాడు మరల అదే తగవు వచ్చెను. మార్కోనీ కంపెనీవారు తమ యంత్రములు గల యోడలతో తప్ప ఇతరులతో మాటాడరాదని తమ గుమాస్తాలను కట్టడి చేసిరి. 1902లో జర్మను చక్రవర్తి తమ్ముడు హైన్రిఖ్ రాకుమారుడు అమెరికానుండి ఓడలో మరలి వచ్చుచు అమెరికా అధ్యక్షునకు వందనవార్త పంపబోగా, ఆ యోడలోని యంత్రము వేరొక పద్ధతిది గనుక తీరముననున్న మార్కోనీ కేంద్రము దానిని తీసికొనలేదు. రాకుమారుని వందనము పోయినచో పోయెను. మునుగుచున్న యోడ కేక వేసినను ఇదే గతి యగునుగదా యని లోకము ఉలికిపడెను. 1903లోను 1906లోను బెర్లినులో సభలు జరిగెను. యంత్రము ఎవరిదైనను సరే, తీర కేంద్రములు అన్ని యోడల వార్తలను తీసికొనవలెనని 1906 ఒడంబడిక శాసించెను. ఆపదలోనున్న యోడలకు ఎస్.ఓ.ఎస్. అను గుర్తును ఆ సభయే నిర్ణయించినది.

మన హైదరాబాదు రాష్ట్రమున పెద్దలు ఎరిగిన సంగతియు నిట్టిదే. నిజాము తపాలాబిళ్ల రాష్ట్రములోపల మాత్రమే చెల్లెడిది. బెజవాడకు, బొంబాయికి ఉత్తరము వ్రాయవలెనన్నచో ఇంగ్లీషు తపాలాబిళ్ల కావలసియుండెను. హాలీ సిక్కా ఇక్కడ, కల్దారు అక్కడ. మార్చుటకు వట్టము వేరు. 1950 ఏప్రిల్ 1 నుండి తపాలా ఒకటయ్యెను. తెల్లవారినది మొదలు ఒకే బిళ్లతో జాబు కన్యాకుమారి దాక పోయెను.

ఫోను లోపల జరుగు పని

ఇప్పుడు ఫోనునకు వత్తము. ప్రతి దేశమునకు ఒక సంఖ్య గలదు. మనది 91, ఎమిరేట్సు 971, సౌదీ 966, కువైటు 965, ఒమాను 968. దేశసంఖ్యతో కూడ ఏ ఫోను నెంబరును 15 అంకెలను మించరాదు. ఇది జెనీవా సంఘము వ్రాసిన నియమము. దుబాయిలోని యంత్రము 91 చూడగానే ఇది హిందూదేశపు దారి యని గ్రహించి మాటను ఇటు త్రిప్పును. మిగిలిన యంకెలు మన యంత్రములు చూచుకొనును. ఇంటి తీగఫోనులకు జగిత్యాల 08724, సిరిసిల్ల 08723 యని వేర్వేరు సంఖ్య లుండుటయు నిదే పద్ధతి, ఊరి పేరు, వీధి పేరు, ఇంటి పేరు వలె.

మాటకును ప్రమాణము గలదు. స్వరమును సెకనునకు 8,000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 256 మెట్లలో నొకదానిగా గుర్తించి అంకెలుగా పంపు పద్ధతిని 1972లో స్థిరపరచిరి. ఇచ్చట ఒక వింత. ఆ మెట్లు కట్టుటయందు అమెరికా, జపానులవారు ఒక తీరును, తక్కిన లోకము వేరొక తీరును పట్టినవి, రాజీ కుదరలేదు. కాని రెండు పద్ధతులు కలియుచోట మార్చి యిచ్చు భారము అమెరికా తీరు వాడువారిదే యని ఆ నియమములోనే వ్రాసికొనిరి. సంపూర్ణముగా ఏకమగుట సాధ్యము గానిచోట గట్టు ఎవరు వేయవలెనో ముందుగా తేల్చుకొనుట మంచి పొరుగువారి లక్షణము. మన కాలువ తగవులలో సగము ఈ యొక్క తెలివి లేకనే కచ్చేరి కెక్కుచున్నవి.

చేతిఫోనులకు యూరపులోని తపాలా శాఖలు 1982లో యత్న మారంభింపగా, 1987లో 13 దేశములవారు ఒడంబడిక చేసికొనిరి. దాని పేరు జి.యస్.యం. మొదటి సంభాషణ 1991 జూలై 1న ఫిన్లండులో జరిగెను. మన దేశమున 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖరాంగారితో మాటాడిరి. ఈ పద్ధతి యొక్క గొప్పతన మెక్కడ నున్నదన, నెంబరు ఫోనులో లేదు. గోరంత సిమ్ములో నున్నది. సిమ్ము కొలత, దానిమీది రాగిబిళ్లల స్థానము అన్ని దేశములకు నొకటే. కావుననే గల్ఫునుండి సెలవుమీద వచ్చినవాడు తెచ్చిన ఫోనులో మన సిమ్ము వేసి భార్యకో తమ్మునికో ఇచ్చి పోగలుగుచున్నాడు.

2003 ప్రాంతమున సి.డి.యం.ఏ. అను వేరొక పద్ధతి ఫోనులు చౌకగా వచ్చినవి. పేదలకు ఫోను చేర్చినవి గనుక వానిని వట్టిగా నిందింపరాదు. ఆ పద్ధతియు అచ్చయిన ప్రమాణమే. లోపమెక్కడ ననగా, అమ్మినవారు ఆ ఫోనులను తమ వలయమునకే కట్టివేసిరి. ఫోను నీది, తాళపుచెవి కంపెనీది. ఆ సేవ మూతపడిన పిమ్మట ఆ ఫోనులు పిల్లల యాటవస్తువులైనవి. ప్రమాణము పేరు విని తృప్తిపడరాదు, వాడువానికి కదలుటకు స్వేచ్ఛ యున్నదా యని విచారింపవలెను.

ఆ స్వేచ్ఛ 2011 జనవరి 20న దేశమంతట వచ్చెను. కంపెనీ మారినను నెంబరు మారనక్కరలేదు. అంతకు పూర్వము సిగ్నలు లేకున్నను అదే కంపెనీని పట్టుకొని వ్రేలాడినవారెందరో. నెంబరు మారినచో గల్ఫులోని బిడ్డకు, బ్యాంకునకు, ఎరువుల దుకాణమునకు అందరికిని చెప్పవలెను గదా. మారదలచినవారు ఇట్లు చేయవలెను: పోర్టు అను మాటను ఆంగ్లాక్షరములలో వ్రాసి, కొంచెము ఎడము విడిచి, తన పదంకెల నెంబరు చేర్చి 1900 నకు సందేశము పంపినచో ఒక గుర్తుసంఖ్య వచ్చును. అది మన ప్రాంతమున నాలుగు దినములు చెల్లును. దానిని గుర్తింపుపత్రముతో కొత్త కంపెనీవారికి చూపవలెను. పాతకంపెనీలో కనీసము 90 దినములు గడచియుండవలెను, బాకీ యుండరాదు.

ప్రమాణము వ్రాసినంత మాత్రమున చాలదు

ఇద్దరి తీగలు కలియుటకు ఒకచోట లంకె వేయవలెను. పాత కంపెనీవాడు ఆ లంకెలను చాలినన్ని యీయకున్నచో కొత్తవాని సభ్యులు చేయు ఫోనులు తెగిపోవును. జనులు కొత్తవానిదే లోపమనుకొందురు. 2016లో ఒక కొత్త కంపెనీ వచ్చినపుడు సరిగా నిదే తగవు పుట్టెను. 1997లో చట్టముచే నేర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ విచారించి, ఆ యేటి అక్టోబరులో మూడు పాత కంపెనీలపై మొత్తము 3,050 కోట్ల రూపాయల జుల్మానా వేయవలెనని సిఫారసు చేసెను. సెస్ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు: పెద్ద గ్రిడ్డువారు లంకె వేయమన్నచో మన సంఘము ఏమగును?

లంకెకు కూలి యెంత యను తగవు వేరు. ఒకని సభ్యుడు వేరొకని సభ్యునికి ఫోను చేసినపుడు చేసినవాని కంపెనీ అందుకొన్నవాని కంపెనీకి నిమిషమునకు ఇంత యని చెల్లించెడిది. 2017 అక్టోబరు 1 నుండి అది 6 పైసలయ్యెను, 2021 జనవరి 1 నుండి ఎత్తివేయబడెను.

డబ్బు పంపుటయందును ఇదే పాఠము. 2016 ఏప్రిల్ 11న రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురాం రాజన్‌గారు యు.పి.ఐ. పద్ధతిని ఆరంభించిరి. అంతకుముందు ఫోనులోని సంచులు అనగా వాలెట్లు ఎవరివి వారివే. ఒకదానిలో వేసిన రూపాయి వేరొకదానిలోనికి పోదు. యు.పి.ఐ.లో ఏ బ్యాంకు ఖాతాదారుడైనను ఏ ఆప్ పట్టుకొనియైనను ఏ దుకాణపు గుర్తుబిళ్లకైనను చెల్లింపవచ్చును. విత్తనపు దుకాణమున ఒకటే చదరపు బొమ్మ గోడకు అంటించియున్నది. దుకాణదారుడు నీ బ్యాంకు ఏదని యడుగుట లేదు. ఆ యొక్క కారణముననే అది టీ కొట్టుదాక ప్రాకినది.

మరి మొదట చెప్పిన వాట్సాపు, ఇమో, బోటిమ్‌ల చిక్కునకు కారణము తేటపడినది గదా. ఇవి యన్నియు ఇంటర్నెట్టు అను బహిరంగ మార్గముమీదనే పోవును. మార్గము అందరిది, బండి తలుపు మాత్రము తమవారికే తెరచునట్లు చేసిరి. చేయు శక్తి లేక కాదు, చేయు నిచ్ఛ లేక. సభ్యులు విడిచిపోకుండ నుంచుటకు ఇంతకంటె సుళువైన కంచె లేదు. యూరపు ఐక్యసంఘమువారు 2022లో ఒక చట్టము చేసి, మిక్కిలి పెద్దవైన సందేశ సాధనములు అడిగిన ఇతర సాధనములకు లంకె యీయవలెనని శాసించిరి. మన దేశమున నట్టి శాసనము లేదు. కుటుంబముల సౌకర్యము చూచినచో ఉండవలెననియే నా యభిప్రాయము. గల్ఫుకు పోవు బిడ్డలకు తలిదండ్రులు చెప్పదగినది, అత్యవసర వార్తకు సాధారణ ఫోను నెంబరునే నమ్ముకొనుమని.

ఎదురుమాట లేకపోలేదు. ప్రమాణము కుదురుటకు ఏండ్లు పట్టును; అంతలో ఒకడు తన సొంత పద్ధతితో పని ముగించును. ఇమోవంటివి సన్నని సిగ్నలుమీదను మాట వినిపించి ఎన్నో ఇండ్లకు ఉపకారము చేసినవి. చెడు ప్రమాణము నొకదానిని అందరిమీద రుద్దినచో అందరును దానితోనే బాధపడుదురు. బహిరంగమనగా ఉచితమనియు కాదు, జి.యస్.యం.లో పేటెంటు హక్కులుగల కంపెనీలకు ఫోను తయారుచేయువారు రుసుము కట్టుచునే యున్నారు. కాని ఆ రుసుము న్యాయముగా, అందరికి నొకే తీరున నుండవలెనని నియమము. ఇవి యన్నియు ఒప్పుకొందము. ఒప్పుకొనియు, వస్తువు కొనువాని పక్షమున మాటాడవలసినపుడు బహిరంగ ప్రమాణమునే కోరవలెను. తయారుచేయువాని పక్షము మాటాడుటకు వారి వకీళ్లు గలరు.

మన పొలములలో

కాకతీయ కాలువ క్రింద గాని, బావుల క్రింద గాని మోటారును ఇంటినుండి నడుపుటకు మొబైలు స్టార్టర్లు కొనుచున్నారు. రాత్రివేళ పాములకు, తడిసిన తీగలకు భయపడి బావికడకు పోనక్కరలేకుండుట చిన్న మేలు కాదు. అయితే ఇందులో సిమ్ము వేయవలెను. చౌకరకము పెట్టెలలో పెక్కింటిలో 2జి యంత్రమే యుండును. 2016లో మొదలైన ఆ కొత్త వలయము 4జి మీదనే కట్టబడినది; దానిలో 2జి లేదు. ఆ సిమ్మును ఈ పెట్టెలో వేసినచో పెట్టె పలుకదు. గ్రామమున ఆ యొక్క వలయమునకే సిగ్నలున్నచో వేల రూపాయల పెట్టె గోడకు వ్రేలాడును. ఇంకొన్ని పెట్టెలు అమ్మినవారి ఆప్ ద్వారానే నడచును. వారు దుకాణము కట్టివేసిననాడు మోటారు కూడ ఆగును. ఫోను చేసినను, సాదా సందేశము పంపినను నడచునది మేలు.

సంఘముల లెక్కలకు వత్తము. 2022 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను ఒకే పద్ధతిలో కంప్యూటరున కెక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. నాబార్డు దానిని నడుపుచున్నది. సంఘము, జిల్లా బ్యాంకు, రాష్ట్ర బ్యాంకు ఒకే తీరు ఖాతా వ్రాసినచో అప్పు వివరము పైకి పోవుటకు మరల చేతివ్రాత యక్కరలేదు, స్ట్రాస్‌బర్గు బల్ల తొలగును. ఇది కాక వేరు పనులకు, ఎరువుల నిలువకో గోదాము లెక్కకో, సంఘము ఎవరివద్దనైనను సాఫ్టువేరు కొన్నచో, సభ్యుల పట్టికను వేరొక యంత్రము చదువగల రూపమున ఎప్పుడడిగిన నప్పుడు తీసి యీయవలెనని ఒప్పందములో వ్రాయించవలెను. వ్రాయింపనిచో, మన దస్తావేజు మనదే యైనను పెట్టె తాళము వానివద్ద నుండును.

తెలుగు సంగతి ఒక మాట. యూనికోడు అను లోకప్రమాణములో 1991 నుండి తెలుగు అక్షరములకు చోటు గలదు. అచ్చుకూటములలో కొందరు వాడు పాత ఫాంట్లు ఆ ప్రమాణమునకు చేరవు. అట్లు కూర్చిన నోటీసును ఫోనులో పంపినచో సభ్యునికి పిచ్చిగుర్తులు కనబడును. సర్వసభ్య సమావేశపు నోటీసులు యూనికోడులో కూర్పించుమని కార్యదర్శులు అచ్చువారితో చెప్పవలెను.

స్టార్టరు కొనదలచిన సభ్యులు దుకాణమునకు పోవునపుడు రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు జేబున వేసికొని పోవుడు. రెంటిని మార్చి మార్చి వేసి, పెట్టె రెంటితోను పలుకునట్లు మీ కనులయెదుట చూపుమనుడు. పిదప, మీ బావికడ ఏ సిగ్నలు నిలుచునో ఆ సిమ్ముతో మరల బావివద్దనే పరీక్షించి, పనిచేసిన తరువాతనే పూర్తి సొమ్ము చెల్లించుడు.